ఎంతసేపు వెలగాలి, ఎంతసేపు ఆరాలి



కొన్ని ఎల్ఈడీలను కలిపి మిణుకుమిణుకుమనిపించే చిన్న సర్క్యూట్ ఎలా తయారు చేసుకోవాలో ఈ ప్రసంగంలో చెబుతాను. రేడియోలో బొమ్మ గీసి చూపించడం కుదరదు కాబట్టి ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. లెక్కలు వచ్చినప్పుడు నెమ్మదిగానే చెబుతాను.

ఈ పని నేర్చుకోవడానికి విశాఖపట్నం కంటే మంచి ఊరు లేదని నా నమ్మకం. చీకటి పడ్డాక సముద్రం వైపు చూడండి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ ఉంది. రేవులోకి వచ్చే ఓడలకు ఎరుపు, ఆకుపచ్చ దీపాలు దారి చూపిస్తాయి. ఉక్కునగరం వైపు వెళితే విమానాలను హెచ్చరించే ఎర్ర దీపాలు ఎత్తయిన కట్టడాల మీద కనిపిస్తాయి. మార్గశిర మాసంలో బురుజుపేట వెళితే కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దారంతా సీరియల్ సెట్లే. రాత్రి వేటకు వెళ్లే మత్స్యకారులు కూడా వల ఎక్కడుందో తెలియడానికి మెరిసే దీపం కడుతున్నారు. వీటిలో పండగ దీపాలు కంటికి ఇంపు కోసం. మిగతావన్నీ ఎవరికో ఏదో చెబుతున్నాయి. ఆ చెప్పడమంతా ఎంతసేపు వెలిగింది, ఎంతసేపు ఆరింది అనే దాంట్లోనే ఉంది.

కుర్రవాళ్లు ఈ పనికి దిగగానే అడిగే మొదటి ప్రశ్న, "ఏ ఐసీ కొనాలండీ?" అని. అది రెండో ప్రశ్న కావాలి. ఈ దీపాన్ని ఎవరు చూడాలి, చూసి ఏం తెలుసుకోవాలి అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలితే ఐసీ, రెసిస్టర్, కెపాసిటర్ వాటంతట అవే తేలతాయి.

సముద్రం మీద ఈ లెక్క ఎంత కచ్చితంగా ఉంటుందో చూడండి. నీటి మీద తేలుతూ దారి చెప్పే గుర్తులైన బోయాల రంగులకు, మెరుపులకు ప్రపంచ దేశాలు 1980లో ఒక ఉమ్మడి పద్ధతికి ఒప్పుకున్నాయి. అందులో ఏ, బీ అని రెండు ప్రాంతాలున్నాయి. మన దేశం ఏ ప్రాంతంలో ఉంది. అంటే సముద్రం నుంచి రేవులోకి వచ్చే ఓడకు ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ. అమెరికా, జపాన్‌లలో ఇది తారుమారు. ఇక తెల్లదీపాల సంగతి. తూర్పు పక్కనుంచి వెళ్లమని చెప్పే బోయా గబగబా 3 సార్లు మెరుస్తుంది. దక్షిణపుది 6 సార్లు మెరిసి, చివర ఒక దీర్ఘమైన మెరుపు ఇస్తుంది. పడమటిది 9 సార్లు. గడియారం ముఖం గుర్తుచేసుకోండి, ఏ అంకె ఏ దిక్కున ఉందో అదే లెక్క. ఉత్తరపు బోయా మాత్రం ఆగకుండా మెరుస్తూనే ఉంటుంది. చుట్టూ లోతైన నీళ్లుండి, నడుమ ఒక్క చోట బండో, మునిగిన ఓడో ఉంటే దాని మీద పెట్టే దీపం రెండేసి సార్లు మెరుస్తుంది. నావికుడు తన గడియారంతో ఆ లయను కొలిచి, చార్టులో రాసి ఉన్నదాంతో పోల్చి, తను ఎక్కడున్నాడో నిర్ధారించుకుంటాడు. కనుక ఆ దీపం తప్పు లయలో మెరిస్తే అసలు వెలగకపోవడం కంటే పెద్ద ప్రమాదం.

దీపాన్ని వెలిగించి ఆర్పాలన్న పట్టుదల గుర్తింపు కోసమే కాదు, పొదుపు కోసం కూడా. ఇక్కడ గుస్తావ్ దాలెన్ గురించి చెప్పాలి. స్వీడన్ దేశపు ఇంజనీరు. ఆయన కాలంలో బోయాల మీద ఎసిటిలిన్ గ్యాసు దీపాలుండేవి. రాత్రీపగలూ గ్యాసు మండితే సిలిండర్ త్వరగా అయిపోతుంది, మనిషి పడవ మీద వెళ్లి మార్చాలి. దాలెన్ రెండు పనులు చేశాడు. గ్యాసును కొద్దికొద్దిగా వదిలి చిన్నచిన్న మెరుపులుగా మండించే పరికరం ఒకటి. పగలు దీపాన్ని తనంతట తానే ఆర్పే కవాటం రెండోది. ఈ కవాటంలో ఒక నల్లటి కడ్డీ, దాని చుట్టూ మెరుగు పెట్టిన కడ్డీలు ఉండేవి. ఎండ తగలగానే నల్ల కడ్డీ ఎక్కువ వేడెక్కి సాగుతుంది, ఆ కాస్త సాగుదలే గ్యాసు దారిని మూసేస్తుంది. ఈ రెండూ కలిసి గ్యాసు ఖర్చును నూటికి 90 పాళ్లకు పైగా తగ్గించాయి. 1912లో ఒక ప్రయోగంలో సిలిండర్ పేలి ఆయన చూపు పోయింది. అదే ఏడాది భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది, ఆయన తరఫున సోదరుడు వెళ్లి అందుకున్నాడు. ప్రపంచానికి వెలుగు లెక్క నేర్పిన మనిషి ఆ తరవాత పాతికేళ్లు, 1937లో కన్నుమూసేదాకా, చూపు లేకుండానే తన కంపెనీని నడిపాడు. ఎలక్ట్రానిక్స్ పాఠం చెప్పే ప్రతిచోటా ఆయన పేరు చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక మన సర్క్యూట్. రేవు దారిలో ఎడమవైపు ఉండే ఎర్రదీపం చేద్దాం. దాదాపు 4 సెకన్లకు ఒకసారి మెరవాలి, మెరుపు అర సెకను ఉండాలి. అర సెకను ఎందుకు, ఇంకా తగ్గిస్తే బ్యాటరీ మిగులుతుంది కదా అని మీరు అడగవచ్చు. 1911లో బ్లాండెల్, రే అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీనికి జవాబు కనిపెట్టారు. దూరాన ఉన్న మెరుపు మరీ పొట్టిదైతే మన కన్ను దాని పూర్తి కాంతిని పట్టుకోలేదు. మెరుపు కాలాన్ని, ఆ కాలానికి 0.2 కలిపిన మొత్తంతో భాగించండి. అర సెకను మెరుపైతే 0.5ని 0.7తో భాగించాలి, అసలు కాంతిలో సుమారు 71 శాతం కంటికి అందుతుంది. పదో వంతు సెకనైతే 0.1ని 0.3తో భాగించాలి, 33 శాతమే అందుతుంది. అందుకని అర సెకను.

కావలసిన ఐసీ పేరు 555. హాన్స్ కామెన్‌జిండ్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం దీన్ని రూపొందించాడు, మరుసటి ఏడాది మార్కెట్‌లోకి వచ్చింది. అర్ధశతాబ్దం దాటినా విడిభాగాలు అమ్మే ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు. ఇది పనిచేసే తీరు కొళాయి కింద పెట్టిన బిందెలాంటిది. కెపాసిటర్ బిందె, రెసిస్టర్ కొళాయి. కెపాసిటర్‌లో వోల్టేజి సప్లైలో మూడింట రెండు వంతులకు ఎక్కగానే ఐసీ దాన్ని ఖాళీ చేయడం మొదలుపెడుతుంది. మూడింట ఒక వంతుకు దిగగానే మళ్లీ నింపనిస్తుంది. నిండుతున్నంతసేపు ఐసీ అవుట్‌పుట్ అయిన 3వ కాలు పైస్థాయిలో, ఖాళీ అవుతున్నంతసేపు కిందిస్థాయిలో ఉంటుంది.

రాసుకోండి. 8వ కాలు, 4వ కాలు బ్యాటరీ ప్లస్‌కు. 1వ కాలు మైనస్‌కు. 2, 6 కాళ్లను కలిపేసి, అక్కడినుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ మైనస్‌కు. ఆ కెపాసిటర్‌కు ప్లస్, మైనస్ తేడా ఉంటుంది, తిరగేసి పెట్టకండి. 8కీ 7కీ మధ్య 470 కిలో ఓమ్ రెసిస్టర్. 7కీ 6కీ మధ్య 68 కిలో ఓమ్. 5వ కాలి నుంచి మైనస్‌కు 0.01 మైక్రోఫారడ్ చిన్న కెపాసిటర్. బ్యాటరీ 9 వోల్టులు. అంతే.

ఇప్పుడు లెక్క. కెపాసిటర్ రెండు రెసిస్టర్ల గుండా నిండుతుంది, ఒక్క 68 కిలో ఓమ్ గుండానే ఖాళీ అవుతుంది. నిండే కాలం అంటే రెండు రెసిస్టర్ల మొత్తాన్ని కెపాసిటర్‌తో, 0.69తో గుణించాలి. సుమారు 3.7 సెకన్లు వస్తుంది. ఖాళీ అయ్యే కాలం 0.47 సెకను. గమనించారా, ఈ అమరికలో 3వ కాలు పైన ఉండే కాలం ఎప్పుడూ ఎక్కువే. చాలామంది ఎల్ఈడీని 3వ కాలికీ మైనస్‌కీ మధ్య పెడతారు. అప్పుడు దీపం 3.7 సెకన్లు వెలిగి అర సెకను ఆరుతుంది. మనకు కావలసింది దీనికి సరిగ్గా ఎదురు. అందుకని ఎల్ఈడీని ప్లస్‌కీ 3వ కాలికీ మధ్య పెట్టండి. 3వ కాలు కిందికి దిగినప్పుడే కరెంటు పారుతుంది, అర సెకను మెరుపు, 3.7 సెకన్ల చీకటి. ఒక్క తీగ చోటు మారిస్తే దీపం చెప్పే మాటే మారిపోతుంది. ఈ సర్క్యూట్ మొత్తంలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

ఒక ఎల్ఈడీ చాలదు, పన్నెండు కావాలంటే? ఎర్ర ఎల్ఈడీ మీద సుమారు 2 వోల్టులు పడతాయి. మూడింటిని వరసగా కలిపితే 6 వోల్టులు. 9 వోల్టుల్లో మిగిలే 3 వోల్టులకు 220 ఓమ్ రెసిస్టర్ పెడితే దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు పారతాయి. అలాంటి వరసలు నాలుగు చేసి పక్కపక్కన కలపండి, పన్నెండు దీపాలకు సుమారు 55 మిల్లీ ఆంపియర్లు. మామూలు 555 దీన్ని తేలిగ్గా మోస్తుంది. ప్రతి వరసకూ విడిగా ఒక రెసిస్టర్ ఉండి తీరాలి. పొదుపనుకుని పన్నెండు ఎల్ఈడీలనూ పక్కపక్కన కలిపి ఒక్క రెసిస్టర్‌తో సరిపెడితే, వాటిలో కాస్త తక్కువ వోల్టేజికి వెలిగేది మిగతావాటి వాటా కూడా లాక్కుంటుంది. లాక్కుంటే వేడెక్కుతుంది, వేడెక్కితే దాని వోల్టేజి ఇంకా తగ్గి ఇంకా లాక్కుంటుంది. చివరికి అది మాడిపోతుంది, భారం పక్కదాని మీద పడుతుంది. తెలుపు, నీలం ఎల్ఈడీలకైతే ఒక్కోదానికి 3 వోల్టులు పైనే కావాలి కనుక 9 వోల్టుల మీద వరసకు రెండే.

చీకటిలో బ్యాటరీ ఖర్చు ఉండదనుకోవద్దు. మన దీపం తొమ్మిదో వంతు కాలమే వెలుగుతోంది కాబట్టి ఎల్ఈడీల సగటు వాడకం 6 మిల్లీ ఆంపియర్లే. కానీ మామూలు 555 తన బతుకుతెరువు కోసం అంతకు దగ్గరగా ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. అంటే బ్యాటరీలో దాదాపు సగం వెలుగుకు కాకుండా ఐసీకి పోతోంది. రాత్రంతా పనిచేయాల్సిన వల దీపానికి ఇది తగదు. 7555 అనే సీమాస్ రకం తెచ్చుకుంటే ఆ ఖర్చు మిల్లీ ఆంపియర్‌లో చిన్న వంతుకు దిగుతుంది. అది ఎక్కువ కరెంటును మోయలేదు కనుక ఎల్ఈడీలకు, దానికి మధ్య ఒక ట్రాన్సిస్టర్ పెట్టాలి.

రెండేసి మెరుపుల దీపం కావాలంటే 4017 అనే లెక్క ఐసీ తోడు కావాలి. దీనికి పది అవుట్‌పుట్‌లుంటాయి. 14వ కాలికి ఒక్కో తాకిడి అందినప్పుడల్లా వెలుగు ఒక అవుట్‌పుట్ నుంచి తరవాతిదానికి జరుగుతుంది. పందిళ్లలో పరిగెత్తే దీపాలు చేసేది దీనితోనే. 555లో 470కి బదులు 10 కిలో ఓమ్, 68కి బదులు 33 కిలో ఓమ్ పెడితే దాని 3వ కాలి నుంచి తాకిడి సుమారు అర సెకనుకు ఒకటి వస్తుంది, దాన్ని 4017 14వ కాలికి ఇవ్వండి. 4017లో 16 ప్లస్, 8 మైనస్, 13 మైనస్, 15 కూడా మైనస్. మొదటి అవుట్‌పుట్ 3వ కాలు, మూడో అవుట్‌పుట్ 4వ కాలు. ఈ రెంటి నుంచీ ఒక్కో 1ఎన్ 4148 డయోడ్ తీసి ఒకచోట కలిపి, 4.7 కిలో ఓమ్ ద్వారా బీసీ 547 ట్రాన్సిస్టర్ బేస్‌కు ఇవ్వండి. బేస్ నుంచి మైనస్‌కు 100 కిలో ఓమ్. ఎమిటర్ మైనస్‌కు, ఎల్ఈడీ వరసలు ప్లస్ నుంచి కలెక్టర్‌కు. మెరుపు, చీకటి, మెరుపు, తరవాత మూడున్నర సెకన్ల చీకటి. మొత్తం 5 సెకన్లు. మిగిలిన అవుట్‌పుట్‌లను వదిలేయండి, ఆ ఖాళీలే మన చీకటి.

అంతకంటే మంచి అభ్యాసం ఒకటుంది. 2002 డిసెంబరులో ఇంగ్లిష్ చానల్‌లో ట్రైకలర్ అనే కార్ల ఓడ ఢీకొని మునిగింది. కాపలా ఓడలున్నా ఆ తరవాతి రోజుల్లో మరో రెండు ఓడలు వచ్చి ఆ శిథిలాన్నే గుద్దాయి. కొత్తగా మునిగిన ఓడకు ప్రత్యేకమైన గుర్తు ఉండాలని అప్పుడు తేలింది. 2006లో నీలం, పసుపు దీపాలు మార్చి మార్చి వెలిగే బోయాను తెచ్చారు. నీలం 1 సెకను, చీకటి అర సెకను, పసుపు 1 సెకను, చీకటి అర సెకను. మొత్తం 3 సెకన్లు. మన అర సెకను తాకిడితో ఇది సరిగ్గా ఆరు అడుగుల లెక్క. 4017లో 3, 2 కాళ్లు నీలం ట్రాన్సిస్టర్‌కు, 7, 10 కాళ్లు పసుపు ట్రాన్సిస్టర్‌కు, డయోడ్ల ద్వారా ఇవ్వండి. 4, 1 కాళ్లు ఖాళీ. 5వ కాలు ఏడో అవుట్‌పుట్. 15ను మైనస్ నుంచి విడదీసి ఈ 5వ కాలికి కలిపితే లెక్క ఆరు దగ్గరే ఆగి మళ్లీ మొదటికి వస్తుంది. విశాఖ రేవు కట్టేటప్పుడు అలల తాకిడి తగ్గించడానికి రెండు పాత ఓడలను కావాలనే ముంచారు. కొత్త రేవులోకి జలదుర్గ అనే మొదటి ఓడ 1933 అక్టోబర్ 7న వచ్చింది. మునిగిన ఓడ పక్కనుంచి వచ్చే ఓడకు దారి ఎలా చెప్పాలన్నది మన రేవుకు పుట్టినప్పటినుంచీ తెలిసిన ప్రశ్న.

ఆ నీలం దీపం తేలిగ్గా వచ్చింది కాదు. కంటికి కనిపించే ఎర్ర ఎల్ఈడీని నిక్ హోలోన్యాక్ 1962లో చేశాడు. కాంతివంతమైన నీలం కోసం మరో మూడు దశాబ్దాలు పట్టింది. అది సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ ప్రకటించింది 2014 అక్టోబర్ 7న. సరిగ్గా అయిదు రోజులకు, అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడింది. ఊరు చీకటైంది, స్తంభాలు నేలకూలాయి. తరవాతి కొద్ది నెలల్లో ఈ నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చారు. ఆ తెల్లటి వెలుగంతా నీలం ఎల్ఈడీ మీద పూత పూస్తే వచ్చినదే. ఎక్కడైనా వీధి దీపం కోరకుండానే వెలిగి ఆరుతూ కనిపిస్తే, లోపలి డ్రైవర్‌లో కెపాసిటర్ పాడై, అది మొదలై, ఆగి, మళ్లీ మొదలవుతోందని అర్థం చాలాసార్లు.

ఉక్కు కర్మాగారం లాంటి పెద్ద పరిశ్రమల కంట్రోల్ రూముల్లో మిణుకుకు మరో అర్థం ఉంది. ఏదైనా తేడా వస్తే అలారం ప్యానెల్ మీద ఆ గడి గబగబా మెరుస్తుంది, హూటర్ మోగుతుంది. ఆపరేటర్ చూశానని బటన్ నొక్కితే మెరుపు ఆగి నిలకడగా వెలుగుతుంది. తేడా సరిచేశాకే ఆరుతుంది. మెరుస్తోందంటే ఇంకా ఎవరూ చూడలేదన్నమాట.

జాగ్రత్తలు రెండు. సెకనుకు మూడుసార్ల కంటే వేగంగా మెరిసే దీపాలు ఇంట్లో పెట్టకండి, మూర్ఛ ఉన్నవాళ్లలో కొందరికి అవి ప్రమాదం. 1997 డిసెంబరులో జపాన్‌లో టీవీ కార్టూన్‌లో అలాంటి మెరుపులు చూసి వందలమంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. రెండోది, ఈ పనంతా బ్యాటరీ మీదే చేయండి. చౌక సీరియల్ సెట్లలో 230 వోల్టులు నేరుగా తీగల్లోకి వస్తాయి, వాటిని విప్పి నేర్చుకోవాలనుకోకండి. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో సోల్డర్ చేసిన చోట్ల పారదర్శకమైన వార్నిష్ పూయండి, లేకపోతే ఉప్పుకు పచ్చగా చిలుము పడుతుంది.

హైస్కూలు సైన్సు ఉపాధ్యాయులకు, ఐటీఐలలో పాఠం చెప్పేవారికి నా విన్నపం. సైన్సు ప్రదర్శనకు ఎలాగోలా మెరిసే దీపం చేయమని పిల్లలకు చెప్పకండి. నీలం ఒక సెకను, చీకటి అర, పసుపు ఒక సెకను, చీకటి అర అని లయ ఇచ్చి, అది సరిగ్గా వచ్చేదాకా రెసిస్టర్లు మార్పించండి. గడియారం చేతికిచ్చి పది చుట్లకు ఎంత పట్టిందో కొలవమనండి, ముప్పయ్ సెకన్లు రావాలి. కెపాసిటర్ మీద రాసిన విలువకు, అసలు విలువకు ఎంత తేడా ఉంటుందో వాళ్లకు అప్పుడు తెలుస్తుంది. వచ్చే ప్రదర్శనలో విశాఖ పిల్లలు చేసిన ఆ దీపాన్ని చూసి, రేవులో పనిచేసే ఒక నావికుడు దాని అర్థం చెప్పగలగాలి.